రేసు టీవీలో చూడాలా, ట్రాక్ దగ్గరికి పోయి చూడాలా? వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి

కావలి కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది కావలి. శ్రీసిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో పని చేస్తున్నా. ఫ్యాన్‌కోడ్ యాప్‌లో ఫార్ములా వన్ రావడం మొదలైనప్పటి నుంచి నాకీ పిచ్చి పట్టుకుంది. మొదట ఫోన్‌లో చూసేవాణ్ణి, ఇప్పుడు ఇంట్లో టీవీకి పెట్టుకుని చూస్తున్నా. యూరప్ రేసులు మనకు సాయంత్రం ఆరున్నరకి మొదలవుతాయి కాబట్టి ఆదివారం ఆ రెండు గంటలూ టీవీ నాది. ఇంట్లో అందరూ అలవాటు పడిపోయారు.

ఈమధ్య చీటీ పాడాను. చేతిలో కొంచెం డబ్బుంది. ఒక్కసారైనా రేసు కళ్లారా చూడాలని ఉంది. సింగపూర్ అయితే చెన్నైలో విమానం ఎక్కితే నాలుగు గంటలు, మనకు దగ్గర్లో ఉన్న ఎఫ్1 రేసు అదే అనుకున్నా. టికెట్, విమానం, వీసా, హోటలు అన్నీ కలిపి లెక్కేస్తే లక్ష దాటిపోతోంది. రేసు వారంలో హోటల్ రేట్లు మామూలు రోజుల్లో లాగా లేవు.

మా నాయనకి చెప్తే ఒకటే మాట అన్నాడు. "టీవీలో అన్ని కార్లూ కనపడతాయి. అక్కడికి పోతే నీ ముందు నుంచి పొయ్యే కారే కనపడుద్ది, అదీ ఒక్క సెకను. దానికి లక్ష రూపాయలు ఎందుకురా?" నా దగ్గర జవాబు లేదు. యూట్యూబ్‌లో జనం తీసి పెట్టిన వీడియోలు చూస్తే నిజంగానే కంచె, ఆ కంచె అవతల జుయ్యిమని పోయే రంగు తప్ప ఏమీ లేదు.

కాబట్టి వెళ్లొచ్చిన వాళ్లను అడుగుతున్నా. దయచేసి "ఆ ఫీలింగే వేరు" అని ఒక్క ముక్కలో తేల్చకండి. టీవీలో లేనిది అక్కడ ఏముంది? అక్కడికి పోతే ఏది పోతుంది? మొదటిసారి చూసేవాడికి సింగపూర్ సరైన చోటేనా?

షెడ్డు అన్న, నెల్లూరు:

తమ్ముడూ, మీ నాయన చెప్పింది సరైన మాటే. టీవీలో రేసు కనపడుద్ది. ట్రాక్ దగ్గర రేసు సరిగ్గా కనపడదు. అక్కడ కనపడేది డ్రైవింగు. నీకు ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకుంటే డబ్బు సంగతి దానంతట అదే తేలిపోతుంది.

నాకు నెల్లూరులో బైక్ షెడ్డుంది. మా నాయన బియ్యం లారీ నడిపేవాడు, ఇక్కణ్ణించి రెడ్ హిల్స్ మండీకి. ఆ దారిలోనే షోళవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. యుద్ధం అయిపోయాక మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు దానిమీద రేసులు పెట్టేవాళ్లు. ఇప్పటి కుర్రాళ్లకు ఆ పేరే తెలియదు గానీ మన దేశంలో మోటార్ రేసులు పెరిగిందే అక్కడ. విజయ్ మాల్యా ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారు తెప్పించి నడిపింది కూడా ఆ రన్‌వే మీదే. ఎనభైల్లో మా నాయన లోడు దించేసి తిరిగొచ్చేటప్పుడు నన్ను అక్కడ ఆపి చూపించాడు. ఎవరు గెలిచారో ఆయనకు తెలియదు, అడిగిందీ లేదు. నేరుగా పోయే చోట నిలబడనివ్వలేదు నన్ను. చెయ్యి పట్టుకుని రన్‌వే మలుపు తిరిగే చోటికి లాక్కుపోయాడు. "బ్రేకు ఎక్కడ కొడతన్నాడో చూడు. ఎవడు ఆలస్యంగా కొడతాడో వాడే మొనగాడు" అన్నాడు. లారీ డ్రైవరు కదా, ఆయన కన్నెప్పుడూ బ్రేకు మీదే.

ఇప్పటికీ ట్రాక్‌కి పోతే నేను చూసేది అదే. టీవీలో అది కనపడదు, ఎందుకో చెప్తా. టీవీ కెమెరాలు చాలా దూరం నుంచి పొడవాటి లెన్సులతో తీస్తాయి. ఆ లెన్సు దూరాలన్నింటినీ దగ్గరికి నొక్కేస్తుంది. ఎత్తు పల్లాలు చదునైపోతాయి, వేగం తగ్గిపోయినట్టు కనపడుద్ది. మూడు వందల కిలోమీటర్ల స్పీడులో వచ్చే ఫార్ములా వన్ కారు రెండు సెకన్ల లోపల వందకి దిగిపోతుంది. బ్రేకు కొట్టినప్పుడు డ్రైవరు మీద పడే బలం అతని బరువుకు నాలుగైదు రెట్లు ఉంటుంది. టీవీలో అది మామూలుగా స్లో అయినట్టు ఉంటుంది. పక్కన నిలబడితే మాత్రం, ఇక తిరగదు, గోడకు కొట్టుకుంటుంది అని నీ కాళ్లు వాటంతట అవే వెనక్కి అడుగేస్తాయి. అంతలో తిరిగేసి వెళ్లిపోయి ఉంటుంది.

బైకులైతే ఇంకా బాగా తెలుస్తుంది. షోళవరం తర్వాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ కట్టారు, శ్రీపెరుంబుదూరు దగ్గర, హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మూడు కిలోమీటర్ల ఏడు వందల మీటర్లు. నేషనల్ ఛాంపియన్‌షిప్ జరిగేటప్పుడు షెడ్డు మూసేసి పోతుంటా. మొదటి మలుపు దగ్గర నిలబడితే ఇద్దరు రైడర్లకు తేడా తెలిసిపోతుంది. ఒకడు బ్రేకు పట్టేటప్పటికి ముందు ఫోర్కు మొత్తం కూరుకుపోయి వెనక చక్రం గాల్లో అటూ ఇటూ ఊగుతూ వస్తాడు. వాడి వెనకోడు అదే బైకు, అదే టైరు, కానీ బైకు అదరదు బెదరదు. ఇంకో పది మీటర్లు ముందుకొచ్చి బ్రేకు పట్టుంటాడు. టైమింగ్ షీటులో ఇద్దరికీ తేడా సెకనులో కొంచెమే. ఆ కొంచెం ఎక్కడ వచ్చిందో కంటితో చూడాలంటే అక్కడికి పోవాల్సిందే. టీవీఎస్ వాళ్ల అపాచీ రేసుల్లో అందరికీ ఒకే రకం బండ్లిస్తారు, అక్కడ ఈ తేడా ఇంకా స్పష్టంగా పట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. ఆ చిన్న రేసుల్లో పాడక్ దాకా, అంటే జట్లు బండ్లు సిద్ధం చేసుకునే చోటి దాకా పోయి చూడొచ్చు. రేసుకి ముందు మెకానిక్కు చైను టెన్షన్ చూసుకోవడం, టైరుకు దుప్పటి చుట్టి వేడెక్కించడం, పడిపోయి వచ్చిన కుర్రాడు విరిగిన ఫుట్‌రెస్టు చేతిలో పట్టుకుని కూర్చోవడం, ఇవన్నీ చేతికందేంత దూరంలో ఉంటాయి. మా షెడ్డు కుర్రాళ్లను తీసుకుపోయింది అందుకే. పదిసార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ ఒక మధ్యాహ్నం నిలబడితే ఎక్కింది.

ఫార్ములా వన్ కూడా చూశా. 2013 అక్టోబరులో ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో ఉన్న బుద్ధ్ సర్క్యూట్‌కి పోయా. నెల్లూరులో జీటీ ఎక్కి రెండు రాత్రులు ప్రయాణం, ఢిల్లీలో దిగి మెట్రోలో నోయిడా, అక్కణ్ణించి బస్సు. నా టికెట్టు చవక రకంది. మెయిన్ స్టాండుకి చాలా దూరం. ఆ రోజు వెటెల్ నాలుగోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. రేసు అయిపోయాక రూలు కాదన్నా వినకుండా మెయిన్ స్ట్రెయిట్ మీద కారును గుండ్రంగా తిప్పి పొగ లేపి, కిందికి దిగి కారుకు మోకరిల్లాడు. గ్లౌజులు తీసి కంచె మీది నుంచి జనంలోకి విసిరాడు. అది నేను చూళ్లేదు. అటువైపు నుంచి ఇంజన్ అరుపు, జనం గోల వినపడ్డాయి, పొగ కనపడింది. ఏమైందో మా తమ్ముడు నెల్లూరు నుంచి ఫోన్ చేసి చెప్పాడు. షెడ్డులో టీవీ పెట్టుకుని మొత్తం వాడు చూశాడు. మీ నాయనకు ఈ సంగతి చెప్పు, సంతోషిస్తాడు.

అయినా ఆ ప్రయాణం దండగ అని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. బుద్ధ్‌లో మూడో మలుపు గుట్ట ఎక్కినట్టు పైకి ఉంటుంది, టీవీలో చూసినప్పుడు దాన్ని నేను నేలబారు అనుకున్నా. ఆ ఎత్తు మీద నుంచి కిలోమీటరు పైన ఉండే స్ట్రెయిట్‌లో పడి కార్లు నాలుగో మలుపుకి దూసుకొస్తాయి. అప్పటి ఇంజన్లు 2.4 లీటర్ల వీ8లు, నిమిషానికి 18 వేల చుట్లు తిరిగేవి. శబ్దం చెవిలో కాదు, పక్కటెముకల్లో తెలిసేది. వాటికి అదే చివరి సంవత్సరం. 2014 నుంచి 1.6 లీటర్ల టర్బో హైబ్రిడ్ వచ్చింది, చప్పుడు బాగా తగ్గింది. శబ్దం కోసమే పోవాలనుకుంటే మాత్రం, ఆ శబ్దం ఇప్పుడు సింగపూర్‌లో కూడా దొరకదు తమ్ముడూ. ముందే తెలిసుండటం మంచిది.

నా సలహా ఒకటే. ముందు ఇరుంగాట్టుకోట్టై పో. నెల్లూరు నుంచి పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావొచ్చు. మలుపు దగ్గర నిలబడి చూడు. నీకు నచ్చితే, అప్పుడు చీటీ డబ్బు తియ్యి. నచ్చకపోతే పెట్రోలు డబ్బుతో తేలిపోయింది అనుకో.

ఒంగోలు నుంచి, ఎఫ్1 అభిమాని:

షెడ్డు అన్నగారు రాసింది చదువుతుంటే నాకూ వెళ్లాలనిపించింది. కానీ టీవీలో చూసేవాళ్ల తరఫున నేను మాట్లాడాలి. నేను కాలేజీలో లెక్కలు చెప్తాను. స్టార్ స్పోర్ట్స్‌లో వచ్చే రోజుల నుంచి చూస్తున్నా. ఒక్క రేసు కూడా ట్రాక్ దగ్గర చూడలేదు. నా అభిమానం తక్కువదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

2021 అబుదాబి తీసుకోండి. హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరూ 369.5 పాయింట్లతో సమానంగా చివరి రేసుకి వచ్చారు. 58 ల్యాపుల (చుట్ల) రేసు. హామిల్టన్ హాయిగా ముందున్నాడు. 53వ ల్యాపులో లతీఫి గోడకు కొట్టుకున్నాడు, సేఫ్టీ కారు వచ్చింది, అంటే అందరూ దాని వెనకాలే మెల్లగా పోవాలి. వెర్‌స్టాపెన్ పిట్‌కి (టైర్లు మార్చే చోటికి) వెళ్లి కొత్త సాఫ్ట్ టైర్లు (మెత్తవి, వేగమైనవి) వేయించుకున్నాడు. హామిల్టన్‌వి 14వ ల్యాపులో వేసిన హార్డ్ టైర్లు, అరిగిపోయినవి. ఆగితే మొదటి స్థానం పోతుంది, ఆగకపోతే టైర్లు లేవు. ఇద్దరి మధ్య ఒక ల్యాపు వెనకబడ్డ కార్లు అయిదున్నాయి. వాటిని మాత్రమే ముందుకు పంపించేసి, ఒక్క ల్యాపు మిగిలుండగా రేసు మళ్లీ మొదలుపెట్టించారు. ఆ నిర్ణయం తీసుకునే ముందు రెండు జట్ల పెద్దలూ రేస్ డైరెక్టర్‌తో రేడియోలో వాదించుకోవడం మేము ఇంట్లో కూర్చుని విన్నాం. ఎవరి టైరు వయసెంతో తెర మీద కనపడుతోంది. ఆ అయిదు నిమిషాలు నాకు ఊపిరి ఆడలేదు, ఎందుకంటే జరగబోయేది ముందే లెక్క కట్టగలిగాను. అక్కడ స్టాండులో కూర్చున్న వాళ్లలో ఎంతమందికి ఆ వాదన వినపడి ఉంటుంది? వాళ్ల ముందు నుంచి సేఫ్టీ కారు వెనకాల కార్లు మెల్లగా పోతున్నాయి, అంతే.

రేసు అంటే నాకు ఆ లెక్క. ఎవరు ఏ ల్యాపులో టైర్లు మారుస్తారు, ఒక ల్యాపు ముందే ఆగితే ఎన్ని సెకన్లు కలిసొస్తాయి, వెనకాల ట్రాఫిక్‌లో పడతారా. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని రాసుకుంటూ చూస్తా. ట్రాక్ దగ్గర ఫోన్‌లో టైమింగ్ యాప్ చూసుకోవచ్చంటారు. వేలమంది ఒకే చోట ఉంటే నెట్ ఎట్లా పనిచేస్తుందో మనందరికీ తెలుసు.

ఇంకో విషయం మగవాళ్లు మాట్లాడరు, నేను మాట్లాడతా. ఒక్కదాన్నే వెళ్లాలంటే బాత్రూములు ఎట్లా ఉంటాయి, ఎండలో నీడ ఉంటుందా, రేసు అయ్యాక చీకట్లో బస్సు దొరుకుతుందా అని నేను ముందు ఆలోచించాలి. ఆ సమాచారం ఎక్కడా సరిగ్గా దొరకదు. డబ్బు లేక కాదు, ఇవి తెలియక ఆగిపోయిన ఆడవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు.

షెడ్డు అన్న, నెల్లూరు:

అమ్మా, అబుదాబి గురించి మీరు రాసిన దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. ఆ రేసు టీవీలోనే చూడాలి. నేనూ షెడ్డులోనే చూశా.

బాత్రూముల సంగతి అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నాయి, జనం ఎక్కువ లేని రోజు ఇబ్బంది ఉండదు. నీడ మాత్రం స్టాండు కిందే, మలుపుల దగ్గర నిలబడితే ఎండే. చివరి రేసు పొద్దుగూకే లోపలే అయిపోతుంది. అక్కడ బెంగళూరు హైవే మీద కాంచీపురం నుంచి మద్రాసు వచ్చే బస్సులు పోతూనే ఉంటాయి. అయినా మీరు ఒక్కరే రావొద్దు, మా ఆవిడ కూడా వస్తుంది, మాతో రండి. ఆమెకు రేసుల మీద ఏమంత ఇష్టం లేదు గానీ పాడక్‌లో అమ్మాయిలు బైకులు నడపడం చూసినప్పటి నుంచి రాకుండా ఉండదు.

కందుకూరు రైతు బిడ్డ:

నేను ఎఫ్1 పెద్దగా చూడను. ఈ చర్చ చూసి రాయాలనిపించింది.

మా వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు ఇప్పుడన్నీ యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని అన్ని విభాగాలూ, ఏ జత ఎన్ని అడుగులు లాగిందో తెర మీద అంకెతో సహా. ఇంట్లో కూర్చుంటే ఎవరు మొదటో ఇంకా బాగా తెలుస్తుంది. అయినా తిరునాళ్ల రోజు ట్రాక్టర్లు కట్టుకుని ఎందుకు పోతారు? ఎడమ ఎద్దు గిట్ట ఎక్కడ పట్టు తప్పిందో, తోలేవాడు అది ముందే పసిగట్టి ఎట్లా మళ్లించాడో బరి పక్కన నిలబడినోడికే తెలుస్తుంది. ఎద్దులు పెంచేవాడు అది నేర్చుకోవడానికే వస్తాడు. షెడ్డు అన్న తన కుర్రాళ్లను రేసుకి తీసుకుపోవడం కూడా అదే అనిపించింది నాకు.

కోవూరు, ఇద్దరు పిల్లల తండ్రి:

కావలి తమ్ముడికి ఇంకో కోణం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఫార్ములా ఈ జరిగింది కదా, హుస్సేన్ సాగర్ పక్కన. మా పెద్దమ్మాయిని తీసుకుని వెళ్లాను. కరెంటు కార్లు కాబట్టి చిన్నపిల్లల చెవులకు భయం లేదు, మోటారు ఈల, టైర్ల కీచుమనే చప్పుడు, అంతే. పాప మహీంద్రా జెండా పట్టుకుని కూర్చుంది. వెర్న్ గెలిచాడు, అది మాకు పెద్ద స్క్రీన్ చూస్తేనే తెలిసింది. వీధి ట్రాక్ కాబట్టి రెండు వైపులా కాంక్రీటు గోడ, దాని మీద కంచె. కింది వరుసలో కూర్చుంటే కారు పైభాగం తప్ప కనపడదు. రోడ్లు మూసేశారు కాబట్టి చాలా దూరం నడవాల్సి వచ్చింది. సింగపూర్ కూడా వీధి ట్రాకే, కాబట్టి టికెట్ కొనేటప్పుడు స్టాండు ఎత్తుగా ఉందా లేదా చూసుకో. సీటు లేకుండా తిరుగుతూ చూసే టికెట్ చవక, కానీ మంచి చోటు కావాలంటే గంటల ముందే పోయి నిలబడాలి.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ రేసు మరుసటి ఏడాది మళ్లీ జరగాల్సింది, రద్దయింది. ఢిల్లీ దగ్గర ఎఫ్1 2011, 2012, 2013 మూడేళ్లే. వినోదం కింద పన్ను వేస్తామని ప్రభుత్వం, కాదు ఇది క్రీడ అని రేసు పెట్టినవాళ్లు, ఆ గొడవలో పోయింది. బైకుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మోటోజీపీ 2023లో వచ్చింది, బెజెక్కీ గెలిచాడు, మళ్లీ రాలేదు. చెన్నైలో 2024లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి రేసు పెట్టారు. శనివారం వాన వల్ల ట్రాక్ సిద్ధం కావడం ఆలస్యమై జనం గంటలు గంటలు కూర్చున్నారు. అయినా కూర్చున్నారు. మన దేశంలో ఇలాంటివి నిలబడవు. వచ్చినప్పుడే చూసెయ్యాలి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటే ఆ వచ్చే ఏడు ఉండదు. టీవీ ఎప్పుడూ ఉంటుంది.

ఒంగోలు నుంచి, ఎఫ్1 అభిమాని:

"టీవీ ఎప్పుడూ ఉంటుంది" అన్నారు, అదీ నిజం కాదండీ. 2022తో స్టార్ స్పోర్ట్స్‌లో ఆగిపోయింది. 2023లో మన దేశంలో ఏ టీవీ ఛానల్‌లోనూ ఎఫ్1 లేదు, డబ్బు కట్టి ఎఫ్1 వాళ్ల సొంత యాప్‌లో చూడాల్సి వచ్చింది. మా నాన్నగారు అప్పటిదాకా నాతోపాటు సోఫాలో కూర్చుని చూసేవారు. కేబుల్‌లో రాకపోయేసరికి ఆయనకు అలవాటు తప్పింది. 2024లో ఫ్యాన్‌కోడ్ వచ్చాక మళ్లీ మొదలుపెట్టించడానికి నాకు సగం సీజన్ పట్టింది. నెట్‌లో చూస్తే ఇంకో బాధ, అరనిమిషం వెనక వస్తుంది. గ్రూపులో ఎవరో "అయ్యో" అని పెట్టేస్తారు, నా తెర మీద ఇంకా ఏమీ జరిగుండదు. రేసు జరిగేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టేస్తున్నా.

షెడ్డు అన్నగారూ, మీ పిలుపుకు చాలా సంతోషం. వస్తాను. స్టాప్‌వాచ్ తెచ్చుకోవచ్చా?

కావలి కుర్రోడు:

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. అందరికీ చాలా థాంక్స్. రాత్రి ఇదంతా మా నాయనకు చదివి వినిపించా. వెటెల్ గ్లౌజుల దగ్గర "నే చెప్పలా" అన్నాడు. లారీ సంగతి దగ్గర మాత్రం ఏమీ అనకుండా ఇంకోసారి చదవమన్నాడు.

సింగపూర్ ఈ ఏడాదికి ఆపేస్తున్నా. ముందు ఇరుంగాట్టుకోట్టై. కొన్ని ప్రశ్నలు. కార్ల రేసుకు పోవాలా, బైకులకా? ఏ రోజు? ఏమేం తెచ్చుకోవాలి? అది నచ్చాక విదేశం పోవాలంటే సింగపూర్ కాకుండా ఇంకేదైనా ఉందా?

షెడ్డు అన్న, నెల్లూరు:

బైకులకు రా. రైడరు ఒళ్లు మొత్తం బయటికి కనపడుద్ది, ఏం చేస్తున్నాడో తెలుస్తుంది. కార్లో తల తప్ప ఏమీ కనపడదు. తర్వాత ఇంకోసారి కార్లకు పోదువు. ఫార్ములా ఎల్‌జీబీ అని 1300 సీసీ మారుతి ఇంజన్ పెట్టిన చిన్న కార్లుంటాయి. కారును నేలకు అదిమే రెక్కల గొడవ లేదు, ఒకదాని వెనక ఒకటి అంటుకుని పోతాయి, బాగుంటుంది.

శనివారం రా. ఆదివారం ఫైనల్స్ అని అందరూ అదే రోజు వస్తారు. శనివారం ప్రాక్టీసు, క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలవ్వాలో తేల్చే పోటీ) జరిగేటప్పుడు ఒక్కో మలుపు దగ్గర పదేసి నిమిషాలు నిలబడి చూడొచ్చు. ఎవరు గెలుస్తారన్న ధ్యాస ఉండదు కాబట్టి కన్ను చేతుల మీద, బ్రేకు మీద ఉంటుంది. విదేశం పోయినా ఇదే పద్ధతి, శుక్రవారం టికెట్ చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలొద్దు. టికెట్ ఉంటుందా, లోపలికి ఎటు నుంచి పంపిస్తారు అనేది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, వారం ముందు కనుక్కుని చెప్తా.

టోపీ, రెండు లీటర్ల నీళ్లు, చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిళ్లలు తెచ్చుకో. బిళ్లలు మెడికల్ షాపులో దొరుకుతాయి. బైకులే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, రోజంతా వింటే రాత్రికి చెవుల్లో హోరు ఆగదు. ఫోన్‌తో వీడియో తీయడం మొదటి గంట పూర్తిగా మానెయ్. లెక్చరరమ్మా, స్టాప్‌వాచ్ తప్పకుండా తెచ్చుకోండి. ఒకే మలుపు దగ్గర లోపలికి వచ్చినప్పుడు నొక్కి, బయటికి పోయినప్పుడు ఆపండి. ల్యాపు టైము అందరికీ తెలుస్తుంది, ఒక్క మలుపులో ఎవరు ఎంత తీసుకున్నారో మీ నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా ఉండదు. నాకూ ఆ లెక్క చూడాలని ఉంది.

విదేశం అయితే సెపాంగ్ చూడు, మోటోజీపీకి. ట్రాక్ కౌలాలంపూర్ విమానాశ్రయానికి దగ్గర్లోనే, చెన్నై నుంచి నేరుగా విమానాలున్నాయి. వీధి ట్రాక్ కాదు, వెడల్పుగా, ఎత్తు పల్లాలతో ఉంటుంది కాబట్టి ఒక్క చోట నుంచే రెండు మూడు మలుపులు కనపడతాయని పోయొచ్చిన మావాళ్లు చెప్పారు. మధ్యాహ్నం వాన కొడుతుంది, రెయిన్‌కోటు తప్పదు. సింగపూర్ రాత్రి పూట లైట్ల కింద అందంగా ఉంటుంది, ఊరు కూడా చూడాలనుకుంటే అది సరైనదే. నీకు బ్రేకింగు చూడాలనుంటే సెపాంగ్.

దారి: నెల్లూరులో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాం. సూళ్లూరుపేటలో టిఫిను. షోళవరం దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మద్రాసు ఊళ్లోకి పోనక్కర్లేదు, నజరత్‌పేట దగ్గర దిగి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే తొమ్మిదిలోపు ట్రాక్ దగ్గరుంటాం. నువ్వు ముందు రోజు రాత్రి కావలి నుంచి ఏదో ఒక రైలెక్కి నెల్లూరు వచ్చెయ్, షెడ్డు పైన గదిలో పడుకోవచ్చు. కారులో ఇంకో సీటు ఖాళీ ఉంది. మీ నాయన వస్తానంటే తీసుకురా, ముందు సీటు ఆయనకిస్తా.